ఠాణాలో కొట్టినప్పుడు ఫిర్యాదు చేసే తీరు

వరంగల్‌లో ఎవరినైనా ఠాణాలో కొట్టారని తెలిస్తే, అరికాళ్ల కమిలిన మచ్చలు మాయకముందే, 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరిచినప్పుడు ఆ దెబ్బలు చూపించి, వైద్య పరీక్ష కోరి, ఆ సంగతిని రికార్డులో రాయించాలి. ఎంజీఎం ఆసుపత్రిలో డాక్టరు ఒక్కో గాయాన్ని కొలతతో సహా రాశారో లేదో చూసుకోండి. "ఒంటి నొప్పులు" అని ముగించిన చీటీ కేసుకు దాదాపు పనికిరాదు. ఠాణాల సీసీ కెమెరా దృశ్యాలను 18 నెలలు భద్రపరచాలని సుప్రీంకోర్టు 2020లో ఆదేశించింది కనుక, తేదీ, సమయం పేర్కొంటూ వాటిని చెరపవద్దని వెంటనే రాతపూర్వకంగా కోరాలి. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ఏడాదిలోపే ఫిర్యాదు అందాలి. కళ్లారా చూసిన కానిస్టేబుల్ నోరు విప్పదలిస్తే ముందుగా వకీలును కలవడం మంచిది, ఎందుకంటే 2014 నాటి ప్రజావేగుల (లోపలి తప్పులను బయటపెట్టేవారి) రక్షణ చట్టం పార్లమెంటు ఆమోదం పొందినా ఇంకా అమల్లోకే రాలేదు.