తెలుగు ఫాంట్‌లో ఆటో స్పేసింగ్: తలకట్టు గుద్దుకోవడం ఆగింది

ఫాంట్లు తయారుచేసే గ్లిఫ్స్ సాఫ్ట్‌వేర్‌లో, అక్షరాల మధ్య ఖాళీని తనే లెక్కేసి పెట్టే హెచ్‌టీ లెటర్‌స్పేసర్ స్క్రిప్ట్ నడిపితే లాటిన్ బాగానే కుదురుతుంది. తెలుగులో మాత్రం ‘గడప’, ‘కరక్కాయ’ లాంటి మాటల్లో తలకట్టు కొన పక్క అక్షరం మీదకి ఎక్కేది.

ఏరియా (అక్షరాల మధ్య ఉండాల్సిన తెలుపు) పెంచాను, ఓవర్ (కొలత ఎత్తుకి పైనా కిందా ఎంత వరకు చూడాలో) మార్చాను, చివరికి జతలన్నీ చేత్తో కెర్న్ చేశాను, అంటే ఒక్కో జత మధ్య దూరం విడిగా సర్దాను. లాభం లేదు.

అసలు లోపం రిఫరెన్స్ గ్లిఫ్‌లో ఉంది, అంటే ఎంత ఎత్తు వరకు కొలవాలో చెప్పే నమూనా అక్షరంలో. అది లాటిన్ x కావడంతో, x ఎత్తు దాటిన తలకట్టు లెక్కలోకే రావడం లేదు. అందుకే ముందు ఆ స్క్రిప్ట్ చదివే రూల్స్ ఫైల్‌లో తెలుగు లిపికి విడిగా ఒక వరస రాసి, రిఫరెన్స్‌గా ‘ర’ పెట్టాను. దానికి తలకట్టు ఉంది, ఒంపు సాదాగా ఉంటుంది. ఆ తర్వాతే డెప్త్ (అక్షరం పక్క నుంచి లోపలికి ఎంత లోతు కొలవాలో) ముట్టుకున్నాను: 15 నుంచి 10కి. డెప్త్ ఎక్కువుంటే అక్షరం పక్కల లోపలికి ఉన్న ఖాళీని కూడా తెలుపుగా లెక్కేసి పక్క అక్షరాన్ని మరీ దగ్గరికి లాగుతుంది. ఏరియా 400 దగ్గరే ఉంచి, ‘రరర’, ‘రగర’, ‘రపర’ వరసలు చూసుకుంటూ సర్దాను. ఒత్తులను ఎంపికలోంచి తీసేశాకే స్క్రిప్ట్ నడపాలి. లేదంటే వాటి వెడల్పులు చెదిరిపోతాయి, మళ్ళీ మొదటికొస్తుంది.

మిగిలింది ఒత్తుకి ఒత్తు తగలడం. ‘వ్యక్తి’లో య ఒత్తు తోక పక్కనున్న త ఒత్తుని రాసుకుంటుంది. దీనికి స్పేసింగ్ మందు కాదు. సందర్భాన్ని బట్టి జరిపే నియమం రాసి, ఫాంట్‌లోని కెర్న్ ఫీచర్‌లో కాకుండా, దూరాలు సర్దడానికే ఉన్న డిస్ట్ ఫీచర్‌లో పెట్టాను. యూజర్ కెర్నింగ్ ఆపేసినా అది పనిచేయాలి కదా.

ఇది మామూలు మందం ఉన్న టెక్స్ట్ ఫాంట్ సంగతి. బోల్డ్‌కి ఏరియా మళ్ళీ వెతుక్కోవాల్సి వచ్చింది. చేతిరాత బాణీ ఫాంట్లకి ఈ అంకెలు పనికొస్తాయని చెప్పలేను.