కోర్చుల రేవులో పడవ కట్టి పాత ఊరిని కాలినడకన చూడటం ఎలా?

ఆడ్రియాటిక్ సముద్రంలో క్రొయేషియా తీరం వెంట తెరచాప పడవలో తిరిగేవారిలో చాలామంది కోర్చుల ద్వీపంలో ఒక్క రాత్రి ఆగి వెళ్లిపోతారు. తీరంలోని స్ప్లిట్ నగరంలో శనివారం పడవ అద్దెకు తీసుకుని మళ్లీ శనివారానికి అప్పగించవలసిన వారికి అంతకంటే వ్యవధి దొరకదు. అయితే ఆ ఒక్క సాయంత్రం, మరునాటి ఉదయం చాలు, ఈ చిన్న ఊరిని అర్థం చేసుకోవచ్చు. ఎందుకంటే ఏ గాలిని పట్టుకుని మీరు రేవుకు చేరారో, ఆ గాలిని లెక్కలో పెట్టుకునే ఈ ఊరి వీధులు వేశారు. పడవలో వచ్చిన మనిషి గాలి దిక్కును గుర్తుంచుకుని నడిస్తే, బస్సు దిగి వచ్చిన మనిషికి కనిపించని సంగతి కనిపిస్తుంది. కింద చెప్పిన క్రమమంతా ఆ ఒక్క విషయం మీద ఆధారపడినదే.

మధ్యాహ్నం కాకముందే రేవు చేరండి

కోర్చుల పట్టణానికి ఎదురుగా పెల్యెషాత్స్ ద్వీపకల్పం ఉంది. దాని మీది స్వేతి ఇలియా కొండ ఎత్తు 961 మీటర్లు. ఆ కొండల వరుసకూ ద్వీపానికీ మధ్య ఇరుకైన జలసంధి సాగుతుంది. వేసవిలో వాతావరణం నిలకడగా ఉన్న రోజుల్లో వాయవ్యం నుంచి మయెస్త్రాల్ అనే గాలి ఉదయం నెమ్మదిగా మొదలై, మధ్యాహ్నానికి బలపడి, సూర్యాస్తమయానికి తగ్గుతుంది. జలసంధి ఇరుకు కావడం వల్ల అది బయటి సముద్రంలో కంటే ఇక్కడ గట్టిగా వీస్తుంది. ప్రయాణానికి ఈ గాలి ఎంత హాయో, గట్టుకు పడవ కట్టేటప్పుడు అంత ఇబ్బంది. కాబట్టి పదకొండు, పన్నెండు గంటలలోపు రేవులో ఉండేలా బయలుదేరాలి.

ఊరు ఉత్తరం వైపు సముద్రంలోకి చొచ్చుకు వచ్చిన చిన్న కొమ్ము మీద ఉంది. దానికి పడమర ఒక రేవు, తూర్పున మరొకటి ఉన్నాయి. పడమటి గట్టుకు మయెస్త్రాల్ అలలు సూటిగా తగులుతాయి. మెరీనా, అంటే పడవలు అద్దె కట్టి నిలుపుకునే రేవు, తూర్పు వైపున ఉంది. వేసవిలో రాత్రి నిశ్చింతగా నిద్రపోవాలనుకునేవారు అక్కడ ముందుగానే చోటు ఖాయం చేసుకుని, దగ్గరపడ్డాక వీహెచ్‌ఎఫ్ రేడియో 17వ చానెల్‌లో పిలవాలి. గట్టు మీది సిబ్బంది అందించే మోకును పడవ ముందు భాగానికి, మన మోకులను వెనుక నుంచి గట్టుకు కట్టుకోవాలి. ఇక్కడ పడవ వెనుక భాగాన్ని గట్టు వైపు పెట్టి నిలపడమే ఆచారం. చోటు దొరకకపోతే దగ్గరలోని బాదియా ద్వీపం పక్కన లంగరు వేసి, ఊరికి అద్దె పడవలో రావచ్చు. బాదియాలో ఫ్రాన్సిస్కన్ సన్యాసుల పాత మఠం ఉంది.

రేవులోకి మళ్లే ముందు ఐదు నిమిషాలు తెరచాప దించి, ఊరికి కొంచెం ఎడంగా నిలబడి చూడండి. గుండ్రటి బురుజులు, వాటి వెనుక ఎర్ర పెంకుల కప్పులు, అన్నిటి కంటే ఎత్తున సెయింట్ మార్క్ కెథడ్రల్ గంటల గోపురం కనిపిస్తాయి. ఊరి రూపురేఖలు ఇంత స్పష్టంగా లోపల నడిచేటప్పుడు కనబడవు కనుక ఈ చూపును మనసులో ఉంచుకోవడం తరువాత ఉపయోగపడుతుంది.

దిగే ముందు పడవను సిద్ధం చేయండి

పడవను వదిలి నాలుగైదు గంటలు వెళ్లేటప్పుడు చేయవలసిన పనులు తక్కువే కానీ, ఒక్కటి మరచినా నడకంతా మనసు అక్కడే ఉంటుంది. గ్యాస్ సిలిండర్ దగ్గరే కట్టేయాలి, పొయ్యి దగ్గర మాత్రమే కట్టేస్తే చాలదు. పై కిటికీలు మూయాలి. మోకులు గట్టు అంచుకు రాసుకుంటున్న చోట గుడ్డ చుట్టాలి. గట్టుకూ పడవకూ మధ్య వేసిన దిగుడు పలకను, అందరూ దిగాక, అంచు నేలకు తగలకుండా కొంచెం పైకి లేపి కట్టాలి. ఆడ్రియాటిక్‌లో ఆటుపోట్ల తేడా చాలా తక్కువ కనుక నీటిమట్టం గురించి బెంగ అక్కరలేదు. అయితే జలసంధి అవతలి ఒరెబిచ్ ఊరికి తిరిగే ఫెర్రీలు వెళ్లినప్పుడల్లా వచ్చే అలకు పడవ ఒక్కసారి ఊగి, పలక గట్టును గీరుతుంది.

పాస్‌పోర్టులు, పడవ కాగితాలు, సిబ్బంది జాబితా నీరు చొరని సంచిలో తీసుకుని మెరీనా కార్యాలయానికి వెళ్లాలి. క్రొయేషియా 2023 జనవరి 1న, ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల షెంగెన్ ప్రాంతంలో చేరింది, అదే రోజున యూరోను స్వీకరించింది. కాబట్టి భారత పాస్‌పోర్టుతో వెళ్లే మనవాళ్లకు షెంగెన్ వీసా కావాలి. పొరుగు దేశం మాంటెనీగ్రో షెంగెన్‌లో లేదు కనుక పడవలో అటు వెళ్లి రావాలనుకునేవారు రెండుసార్లు ప్రవేశించడానికి వీలున్న వీసా తీసుకోవాలి.

కాళ్లకు రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోండి. వందల ఏళ్ల నుంచి మనుషుల పాదాలు అరగదీసిన సున్నపురాయి ఇక్కడి వీధుల నేల. అది పొడిగా ఉన్నప్పుడే జారుతుంది, తడిస్తే చెప్పనక్కరలేదు. రెండు మూడు రోజులు వరుసగా నీటి మీద ఉన్నవారికి దిగిన మొదటి అరగంట నేల ఊగుతున్నట్టు అనిపిస్తుంది. అందువల్ల మొదటే మెట్లు ఎక్కకుండా, గట్టు వెంట నెమ్మదిగా కాసేపు నడవడం మంచిది.

భూద్వారం నుంచి మొదలుపెట్టి, గాలిని గమనిస్తూ నడవండి

మెరీనా నుంచి కొద్ది నిమిషాల్లో పాత ఊరి దక్షిణ ద్వారానికి చేరుకోవచ్చు. దీనిని భూద్వారం అంటారు. దాని మీది చతురస్రపు బురుజు పేరు రెవెలిన్. ఇప్పుడు మనం ఎక్కే వెడల్పాటి రాతిమెట్ల చోట ఒకప్పుడు ఎత్తి దించే కొయ్యవంతెన ఉండేది. గోడ మీద చెక్కిన రెక్కల సింహం వెనిస్ గణతంత్రం గుర్తు. 1420 నుంచి 1797 దాకా ఈ ఊరు వెనిస్ పాలనలో ఉంది.

ద్వారం దాటాక ప్రధాన వీధి కొమ్ము వెన్ను మీదుగా ఉత్తరానికి సాగుతుంది. దానికి రెండు వైపులా సన్నని సందులు చేప ముళ్లలా విడిపోతాయి. ఇక్కడ తొందరపడకండి. ఏదో ఒక కూడలిలో ఉత్తరం వైపు ముఖం పెట్టి నిలబడండి. ఎడమ చేతి వైపు, అంటే పడమటి వైపు, సందు తిన్నగా దిగి, చివర సముద్రపు నీలం ముక్క కనిపిస్తుంది. కుడి చేతి వైపు సందు కొంచెం దూరం వెళ్లి వంపు తిరుగుతుంది, అటు చివర ఏముందో కనిపించదు. పడమటి సందులు తిన్నగా ఉన్నది వేసవి మయెస్త్రాల్ ఊరి లోపలికి రావడానికి. తూర్పు సందులు వంగి ఉన్నది శీతాకాలంలో ఈశాన్యం నుంచి విరుచుకుపడే బురా గాలిని అడ్డుకోవడానికి. మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల వేళ ఆ కూడలిలో నిలబడితే ఎడమ చెంపకు చల్లగా గాలి తగులుతుంది. పడమటి సందులో రెండు కిటికీల మధ్య తీగ మీద ఆరేసిన దుప్పటి ఉబ్బి ఎగురుతుంటే, నాలుగడుగుల అవతల తూర్పు సందులో ఆరేసిన చొక్కా చేతులు కదలకుండా వేలాడుతుంటాయి. ఉదయం మీ తెరచాపను నింపిన గాలి ఈ ఊరి పడకగదుల దాకా వచ్చిందని తెలిసిన ఆ క్షణం కోసమే ఇంత దూరం రావచ్చని నా గట్టి నమ్మకం.

ఒక పడమటి సందులో దిగి, పక్క సందులో ఎక్కి, వెన్ను దాటి తూర్పు సందులోకి వెళ్లండి. ఇలా కుట్టు కుట్టినట్టు నడిస్తే ఊరంతా చూడటానికి గంటన్నర పడుతుంది. ఆగకుండా నడిస్తే పావుగంటలో అయిపోయే ఊరు ఇది. కానీ అలా నడవడానికి అయితే పడవలోనే ఉండిపోవచ్చు. పాత ఊరిలో మెట్లు లేని వీధి ఒక్కటే ఉంది. కాళ్ల కింద చూసుకోకుండా ఆలోచించుకుంటూ నడవవచ్చు కనుక దానిని ఆలోచనల వీధి అని పిలుస్తారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు వెంట ఉంటే ప్రధాన వీధి, ఈ వీధి, గోడల వెలుపలి సముద్రతీరపు బాట, ఈ మూడింటితో సరిపెట్టుకోవచ్చు.

కెథడ్రల్ వద్ద ద్వారబంధాన్ని దగ్గరగా చూడండి

వెన్నులో అత్యంత ఎత్తయిన చోట సెయింట్ మార్క్ కెథడ్రల్ ఉంది. ద్వారానికి రెండు వైపులా సింహాల కింద ఆదాము, అవ్వల బొమ్మలు ముడుచుకుని కూర్చుని ఉంటాయి. ఇవి బొనీనో ద మిలానో అనే శిల్పి పని. లోపల ప్రధాన పీఠం మీద వెనిస్ చిత్రకారుడు తింతొరెత్తో వేసిన చిత్రం ఉంది. దాని పైన రాతి స్తంభాల మీద నిలిచిన కప్పు, గంటల గోపురం మీది కిరీటం మార్కో అంద్రీయిచ్ అనే స్థానిక శిల్పి చెక్కినవి. కోర్చుల రాతిపనివారికి రాయి పక్కనే ఉన్న వ్ర్నిక్ వంటి చిన్న దీవుల గనుల నుంచి వచ్చేది. భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు సంచిలో ఉంచుకోండి. గోపురం మెట్లు బాగా ఇరుకు. ఎక్కగలిగినవారు పై నుంచి జలసంధిని చూసి, మరునాటి దారిని అక్కడే నిర్ణయించుకోవచ్చు.

మార్కో పోలో ఇంటి వద్ద మోటుపల్లిని తలచుకోండి

కెథడ్రల్ దగ్గరలోనే మార్కో పోలో పుట్టిన ఇల్లని చూపించే పాత బురుజు ఇల్లు ఉంది. అతను ఇక్కడే పుట్టాడని ఊరివారి నమ్మకం, కాదు వెనిస్‌వాడని చాలామంది చరిత్రకారుల మాట. నిస్సందేహమైన విషయం ఏమిటంటే, 1298లో ఈ ద్వీపం పక్కన జరిగిన నౌకాయుద్ధంలో, ఇటలీలోని మరో నగరరాజ్యమైన జెనోవావారు వెనిస్‌వారిని ఓడించారు. మార్కో పోలో ఆ యుద్ధంలోనే బందీ అయ్యాడని సంప్రదాయం చెబుతుంది.

తెలుగువారికి ఈ ఇంటి ముందు నిలబడటానికి వేరే కారణం ఉంది. తన యాత్రా గ్రంథంలో ముత్ఫిలి అని మార్కో పోలో వర్ణించిన చోటు నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి అని, న్యాయంగా పాలిస్తున్నదని అతను మెచ్చుకున్న రాణి కాకతీయ రుద్రమదేవి అని పండితులు గుర్తించారు. ఆమె తండ్రి గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం ఇంకా ఆసక్తికరమైనది. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారని, తాము న్యాయమైన సుంకం తప్ప మిగిలినదంతా వర్తకులకే వదిలేస్తామని అందులో ఉంది. సముద్రం మీద ఒక్క రోజు గాలికి భయపడినవారికి ఆ మాట విలువ తెలుస్తుంది.

సాయంత్రం, భోజనం, సరుకులు

ఎండ తగ్గాక తూర్పు తీరపు బాట మీద పైన్ చెట్ల నీడన ఉత్తరపు చివరి దాకా నడవండి. వేసవి సాయంత్రాల్లో భూద్వారం దగ్గర మోరెష్కా అనే కత్తియుద్ధ నృత్యం ప్రదర్శిస్తారు. బందీ అయిన యువతి కోసం తెల్లరాజు, నల్లరాజు సేనలు తలపడతాయి. తెల్లరాజు సేన ఎర్రదుస్తుల్లో ఉంటుంది కనుక ముందే తెలుసుకుని వెళ్లడం మంచిది. నిజమైన కత్తులు ఒకదానికొకటి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. చిన్నపిల్లలను మొదటి వరుసలో కూర్చోబెట్టకండి. జులై 29, ఊరి రక్షకుడైన సెయింట్ థియోడర్ పండుగ, ఈ నృత్యానికి ముఖ్యమైన రోజు.

భోజనానికి జ్ర్నోవో గ్రామపు మకరూనీ అడగండి. సన్నని పుల్ల చుట్టూ పిండిని చేత్తో దొర్లించి చేస్తారు. సాధారణంగా మాంసపు కూరతో వడ్డిస్తారు కనుక శాకాహారులు ముందే చెప్పి టమాటా లేదా చీజ్‌తో చేయించుకోవాలి. కొమ్ము ఆకారంలో ఉండే చుక్కారిన్ బిస్కట్లు గట్టిగా ఉండి, పడవలో వారం రోజులు నిలవ ఉంటాయి. మరునాటికి సమయముంటే ఆరేడు కిలోమీటర్ల దూరంలోని లుంబార్దాకు నడిచి లేదా సైకిలు మీద వెళ్లవచ్చు. అక్కడి ఇసుక నేలలో గ్ర్క్ అనే ద్రాక్ష పండుతుంది. దాని పూలు ఆడపూల పనే చేస్తాయి కనుక పక్కన వేరే రకం తీగ ఉంటేనే కాయ కాస్తుంది.

కూరగాయలు, పళ్లు ఉదయం భూద్వారం దగ్గరి చిన్న అంగడిలో కొనండి. బరువైన సరుకులను పాత ఊరి సందుల గుండా మోయకుండా బయటి దుకాణాల నుంచి నేరుగా మెరీనాకు తెచ్చుకోవాలి.

బయలుదేరే ముందు ఇంకొక్కసారి నడవండి

రాత్రి పడవకు తిరిగి వచ్చేటప్పుడు చేతిలో టార్చి ఉండాలి, దిగుడు పలక మీద ఒకరి తరువాత ఒకరే నడవాలి. తెల్లవారాక, మోకులు విప్పకముందు, ఒకరు ఊరి ఉత్తరపు చివరకు నడిచి జలసంధిని చూసి రావాలి. ఆకాశం శుభ్రంగా ఉండి, పెల్యెషాత్స్ కొండల తల మీద మాత్రం తెల్లని మబ్బు టోపీలా కూర్చుని ఉంటే బురా రావచ్చు, వాతావరణ సూచన మళ్లీ వినాలి. ఆగ్నేయం నుంచి బూడిదరంగు మబ్బులు కమ్మి, గాలి కంటే ముందే అలలు వస్తుంటే అది యూగో అనే ఆగ్నేయపు గాలి, అటువైపు ప్రయాణం మానుకోవాలి. నీరు నున్నగా, అవతలి ఒరెబిచ్ ఇళ్లు స్పష్టంగా కనిపిస్తే, మయెస్త్రాల్ లేచేలోపు మీకు మూడు నాలుగు గంటల సమయం ఉన్నట్టు. అప్పుడు దిగుడు పలక లోపలికి తీసి, వెనుక మోకులు వదలండి.