మెద్వేద్‌ను విడదీయడం: స్లావ్ భాషల్లో ఎలుగుబంటి పేరుకు మూలం పట్టే పద్ధతి

ముందు స్లావ్ భాషల్లో (రష్యన్, పోలిష్ లాంటివి) ఎలుగుబంటి పేరుకున్న రూపాలు పోగెయ్యండి. ఆ భాషలకున్న మూడు శాఖలకు తూర్పు, పడమర, దక్షిణం అని మూడు వరుసలు గీసి, ఒక్కో శాఖ నుంచి రెండేసి మాటలు రాయండి. రష్యన్ మెద్వేద్, ఉక్రేనియన్ వెద్మీద్. చెక్ మెద్వ్యెద్, పోలిష్ నియెజ్వియెజ్. స్లోవీన్ మెద్వెద్, క్రొయేషియన్ మెద్వ్యెద్. ఒకే శాఖను చూస్తే, అక్కడ తర్వాత వచ్చిన మార్పునే మూలమనుకుంటారు.

తేడాగా కనిపించేవాటిని కొట్టేయకండి. పోలిష్‌లో మొదటి మకారం నకారమైంది. పాత పోలిష్‌లో మకారమే ఉండేది. ఉక్రేనియన్‌లో మ, వ చోట్లు మార్చుకున్నాయి, వారణాసి బనారస్ అయినప్పుడు ర, ణ మారినట్టు. ఎలుగుబంటికి బల్గేరియన్ మాట మెచ్కాలో ఈ రెండు ముక్కల రూపం కనబడదు, దాన్ని మాత్రం ఈ లెక్కలో పక్కన పెట్టండి.

ఇక విడదీయడం. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. మెద్ అంటే తేనె, వేద్ అంటే ఎరుగు (మన వేదంలోని ధాతువే), కాబట్టి 'తేనె జాడ తెలిసినది' అని తేల్చేస్తారు. రష్యన్లలోనూ ఇలా చెప్పేవాళ్లున్నారు. వినడానికి బాగుంది, కానీ తప్పు. ఆ వకారం రెండో ముక్కది కాదు. తేనెకు పాత స్లావ్ రూపం 'మెదు', ఉకారాంతం. దానికి 'తిను' అనే అర్థమున్న ఏద్ కలిస్తే ఉకారం వకారమవుతుంది. మను + అంతరం మన్వంతరమైనట్టే. బడిలో చదివిన యణాదేశ సంధే ఇది. కాబట్టి అర్థం 'తేనె తినేది'. 'ఎరుగు' ధాతువే అయితే మధ్యలో ఒకారం రావాలి, తేనె మద్యం కాచేవాణ్ని చెప్పే రష్యన్ మాట మెదోవార్‌లో లాగా.

సంస్కృతంతో సరిచూడండి. ఋగ్వేదం 1.164.22లో తీపిని తినే పక్షులను 'మధ్వదః' అన్నారు: మధు + అద్. మన అన్నం కూడా ఈ అద్ ధాతువు నుంచే. అలాగని స్లావులు సంస్కృతం నుంచి అరువు తెచ్చుకున్నారని రాయకండి. రెండూ ఒకే తల్లి భాష బిడ్డలు.

అసలు పేరేమైంది? సంస్కృత ఋక్షం, గ్రీకు ఆర్క్టోస్, లాటిన్ ఉర్సుస్ ఒకే మూలానివి. స్లావ్ భాషల్లో ఆ మాట మిగల్లేదు. అడవి మృగం పేరెత్తితే ఎదురొస్తుందన్న భయంతో మారుపేరు పెట్టారని పండితుల వివరణ. మన ఊళ్లలో పామును పురుగు అనడం లేదూ? అయితే సంధికి ధ్వని సూత్రాల సాక్ష్యముంది, భయానికి అంత గట్టి సాక్ష్యం లేదు. నోటుపుస్తకంలో ఆ రెండింటినీ ఒకే వరుసలో రాయకండి.