చప్పట్లు కొట్టి చూస్తే తెలీదు
మా పర్లాకిమిడి వైపు పసిపిల్లకి వినపడుతుందో లేదోనని మొహం ముందు చప్పట్లు కొడతారు గానీ దాంతో ఏటీ తెలీదండి, చెయ్యి కదలడం కనిపించినా, గాలి తగిలినా పిల్ల ఉలిక్కిపడిపోద్ది. బిడ్డని తల్లి ఒళ్లో కూచోబెట్టి, మీరు వెనకాల ఓ పక్కకి, నీడ కూడా పడకుండా కూచుని గిలక్కాయ మెల్లిగా ఆడించండి, ఆ తర్వాత రెండో పక్క, 6 నెలలు దాటిన పిల్లయితే తల అటు తిప్పాలి. 3 నెలల బిడ్డయితే తెలిసిన గొంతు వినగానే కాస్త నెమ్మదించాలి. ఊ కొడుతోంది కదా అని ఊరుకోకండి, వినపడని పిల్లలు కూడా మొదట్లో ఊ కొడతారు (ఇది చాలామందికి తెలీదు). అనుమానముంటే పెద్ద హాస్పిటల్లో ఓఏఈ టెస్ట్ (చెవిలో చిన్న శబ్దం పెట్టి లోపలి చెవి పనిచేస్తోందో లేదో చూసే పరీక్ష) అడగండి, నిద్రలో ఉండగానే చేసేస్తారు, నొప్పేమీ ఉండదు.