సైటుకి జనం – 4వ పాఠం: 'డీఎం చేయండి' జబ్బు

పోయిన పాఠం తర్వాత వచ్చిన మెసేజ్‌లలో దాదాపు అన్నీ ఒకే గోడు. "మా సైటు లింకు ఫేస్‌బుక్ గ్రూపులన్నింట్లో పెట్టేశాం, గూగుల్‌లో మాత్రం ఎక్కడున్నామో అక్కడే ఉన్నాం." కొందరిని అడ్మిన్లు గ్రూపు నుంచి తీసేశారు కూడా. అన్నింట్లో పెట్టమని నేను ఎక్కడ చెప్పానండీ? మీ సరుకు గురించి మాట్లాడుకునే గ్రూపు ఒక్కటి పట్టుకోమన్నాను.

సరే, ముందు ఆ టెన్షన్ తీర్చుకుందాం. సోషల్ మీడియాలో మనం పెట్టే లింకులకు చాలావరకు నోఫాలో అనే గుర్తు ఉంటుంది. స్పామ్ కామెంట్ల బెడద భరించలేక గూగుల్ 2005లో తెచ్చిన గుర్తు అది. ఈ లింకును సిఫారసుగా లెక్కేయొద్దని దాని అర్థం. 2019లో దాన్ని సూచనగా మాత్రమే తీసుకుంటామని గూగుల్ కాస్త సడలించింది కానీ, దాని మీద ఆశ పెట్టుకోకండి. లింకులు చల్లితే ర్యాంకు రాదు. సోషల్ మీడియా వల్ల మనకు దొరికేది జనం అడిగే ప్రశ్నలు.

ప్రొఫైల్ బయోలో లింకు పెట్టడం, సెర్చ్ కన్సోల్ (జనం గూగుల్‌లో ఏం వెతికి మన సైటుకి వచ్చారో చూపే గూగుల్ పేజీ) తెరవడం మీకు వచ్చనుకుని ముందుకెళ్తున్నా.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. ఆత్రేయపురం పూతరేకులు అమ్మే పేజీ ఒకటి ఉందనుకోండి. 2023లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని చెప్పే ముద్ర) వచ్చిన సరుకు, రీల్ కూడా బాగుంది. కింద ఒకరు "బాక్సు ఎంత?" అంటారు. జవాబు: డీఎం చేయండి, అంటే విడిగా మెసేజ్ పెట్టండి అని. "ఎన్ని రోజులు ఆగుతాయి?" డీఎం. "అమెరికా పంపితే పొడైపోవా?" డీఎం ప్లీజ్!

డీఎంలో ఇచ్చిన జవాబు గూగుల్‌కి కనపడదు. రేపు ఇంకొకరు అడిగితే మళ్లీ మొదట్నుంచి టైప్ చేయాలి. డాలస్‌లో ఉన్నావిడ అడిగే వేళకి మీరు నిద్రలో ఉంటారు. ఆవిడ ఊరుకోదు కదా, అదే ప్రశ్న గూగుల్‌లో కొడుతుంది. ఎవరి సైటులో జవాబుంటే ఆర్డరు వాళ్లది. ధర బయటపెడితే పోటీవాడికి తెలిసిపోతుందని దాస్తారు. పోటీవాడు వేరే ఐడీతో డీఎం చేసి ఎప్పుడో కనుక్కున్నాడు.

కాబట్టి ప్రశ్నను అడిగినవాళ్ల మాటల్లోనే నోట్‌బుక్‌లో రాసుకోండి. నేనైతే ఎక్సెల్ కూడా వాడను. "ఎన్ని రోజులు ఆగుతాయి" అని అడిగితే సైటులో హెడ్డింగ్ కూడా అదే, దాన్ని "నిల్వ కాలపరిమితి" చేయకండి. జవాబు మొదటి రెండు లైన్లలోనే రావాలి. చెమ్మ తగిలితే రేకు మెత్తబడుతుందని, డబ్బా ఎలా మూయాలో, వానాకాలం పార్సిల్ ఎలా కడతారో ఆ తర్వాత రాయండి. అప్పుడు కామెంట్‌కి తిరిగొచ్చి ముక్కలో జవాబు చెప్పి, మిగతాది సైటులో ఉందనండి.

పచ్చళ్లవాళ్లకి "ఆవకాయ విమానంలో తీసుకెళ్లనిస్తారా?", మగ్గం వర్క్ వాళ్లకి "పెళ్లి బ్లౌజ్ ఎన్నాళ్లకిస్తారు?", ఏసీ మెకానిక్‌కి "గ్యాస్ నింపడానికి ఎంత?". పద్ధతి అదే.

నా ఓటు ఇన్‌స్టా కంటే యూట్యూబ్‌కే. అదే ప్రశ్నకి వీడియో చేస్తే గూగుల్ ఫలితాల్లోనూ కనిపించవచ్చు. షార్ట్స్ (యూట్యూబ్ పొట్టి వీడియోలు) కింద పెట్టిన లింకు 2023 ఆగస్టు చివరి నుంచి నొక్కినా తెరుచుకోదు, అందుకని మామూలు వీడియోనే తీయండి.

అభ్యాసం: ఏడాది కామెంట్లు, డీఎంలు, షాపు వాట్సాప్ అన్నీ తిరగేయండి. ఎక్కువసార్లు వచ్చిన పది ప్రశ్నలకి వచ్చే పాఠంలోపు పది జవాబులు సైటులో ఉండాలి. ధర అడిగిన ప్రశ్న అందులో తప్పకుండా ఉండాలి. పెట్టాక సెర్చ్ కన్సోల్‌ని గంటగంటకీ తెరవకండి, నెల తర్వాత ఏ మాటలతో వెతికి వచ్చారో చూడండి. జాబితా నాకు పంపేటప్పుడు దయచేసి స్క్రీన్‌షాట్లు వద్దు, టైప్ చేసి పంపండి.