శాఖా గ్రంథాలయంలో పిల్లల కథల అర: ఏర్పాటు, పోషణ

విజయవాడ వంటి నగరంలో ఇంటిపన్ను కట్టే ప్రతి కుటుంబమూ రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నది కనుక, ఆ ఇంటి పిల్లలు ఇష్టంగా చదివే కథల పుస్తకాలు శాఖా గ్రంథాలయంలో ఉండడం వారి హక్కు. నేను పనిచేసిన ఒకచోట పిల్లల పుస్తకాలను అద్దాల బీరువాలో పెట్టి, పాడవుతాయన్న భయంతో తాళం వేసేవాళ్లం. పుస్తకాలు పాడవలేదు గాని, పిల్లలు రావడం మానేశారు. పిల్లలు పుస్తకాన్ని పేరు చెప్పి అడగరు. తాకి, తిప్పి, బొమ్మ చూసి ఎంచుకుంటారు. అందువల్ల మొదట చేయవలసిన పని తాళం తీసి, 4 అడుగులకు మించని ఎత్తు గల తెరచిన అరల్లోకి పుస్తకాలను మార్చడం, వాటిలో కొన్నిటినైనా అట్ట ముందుకు కనిపించేలా నిలబెట్టడం.

కొనే ముందు ఒక నెలపాటు వచ్చే పిల్లలను గమనించండి. పుస్తకాలను తరగతుల వారీగా విభజించడం మనకు అలవాటు, కాని తెలుగు కథల విషయంలో అది సరిపోదు. ఇంగ్లీషు మీడియంలో ఏడో తరగతి చదివే అమ్మాయి ఆలోచనలో ఎదిగినదే అయినా, ఒత్తులు, సంయుక్తాక్షరాలు వరుసగా వచ్చే పేరా దగ్గర ఆగిపోతుంది. ఆమెకు అక్షరాలు నేర్చుకునే పసివాళ్ల బొమ్మల పుస్తకం ఇస్తే చిన్నబుచ్చుకుంటుంది. ఆమెకు కావలసింది తన వయసుకు తగిన కథ, పెద్ద అక్షరాలు, చిన్న వాక్యాలు. అందుచేత వయసును పక్కన పెట్టి, చదవడంలోని కష్టాన్నిబట్టి మూడు రంగుల పట్టీలు పుస్తకం వెన్ను మీద అతికించండి: గుణింతాలతో చదవగలిగేవి, ఒత్తులు తక్కువగా ఉన్నవి, ధారాళంగా చదివేవారికి తగినవి. పుస్తకాలను విషయాన్నిబట్టి అంకెలతో విభజించే డ్యూయీ వర్గీకరణలో తెలుగు సాహిత్యానికి ఉన్న 894.827 సంఖ్యను రిజిస్టరులో తప్పక రాయాలి గాని, పిల్లలకు దారి చూపేది ఆ రంగే. ఏ రంగు ఏ వయసుదని మాత్రం ఎక్కడా రాయకండి.

జనవరిలో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవం ఎంపికకు మంచి అవకాశం, ఎందుకంటే అక్కడ పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని చూడవచ్చు. మధ్యలో ఒక పేజీ తెరచి పైకి చదవండి. నోరు తడబడితే రచనో అనువాదమో బాగాలేదని అర్థం. పుస్తకాన్ని పూర్తిగా తెరచి కుట్టును పరిశీలించండి, ఎందుకంటే జిగురుతో మాత్రమే అంటించిన పుస్తకం కొద్ది చేతులు మారేసరికే విడిపోతుంది. నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్ వంటి సంస్థలు తక్కువ ధరకు ఇచ్చే 16, 24 పేజీల పుస్తకాలను వదులుకోకండి. వాటికి పిన్నులుంటే తీసి దారంతో కుట్టించండి, కృష్ణ ఒడ్డున వానాకాలపు తేమకు పిన్నులు తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి. బాగా నడిచే పుస్తకానికి మూడు ప్రతులు కొనడం, ఎవరూ తీయని మూడు కొత్త పుస్తకాలు కొనడం కంటే మేలు. ఫిబ్రవరిలోగా యాక్సెషన్ నంబర్లు (ప్రతి పుస్తకానికి రిజిస్టరులో ఇచ్చే వరుస సంఖ్యలు), ముద్రలు, పుస్తకం ఇచ్చినప్పుడల్లా తేదీ వేసే తేదీ చీటీలు పూర్తయితే, మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యేనాటికి అరలు సిద్ధంగా ఉంటాయి. ముద్రను బొమ్మల మీద వేయవద్దు.

మరమ్మతుకు సెల్లోటేపు వాడకండి, అది పచ్చబడి కాగితాన్ని మరకపరుస్తుంది. మైదా జిగురు పురుగులను పిలుస్తుంది. పురుగు పట్టకుండా అందులో మైలతుత్తం (కాపర్ సల్ఫేట్ అనే విషపదార్థం) కలిపే పాత పద్ధతి, పుస్తకం అంచులు నోట్లో పెట్టుకునే పసివాళ్లున్నచోట ఎంతమాత్రం పనికిరాదు. చిరిగిన చోట పల్చటి టిష్యూ కాగితాన్ని తెల్ల జిగురుతో అంటించి, బరువు కింద ఆరనివ్వండి. వానాకాలంలో అరలను గోడకు ఆనించకుండా బెత్తెడు దూరం జరిపితే చెద పట్టినా త్వరగా కనిపిస్తుంది.

అన్నిటికంటే కష్టమైన పని పాతవాటిని తీసేయడం. ఏడాదికొకసారి, వేసవి సెలవులు ముగిసి బడులు తెరిచాక, ప్రతి పుస్తకం తేదీ చీటీ చూడండి. అక్షరాలు మసకబారినవి, పేజీలు లేనివి, కులాన్నో ఆడపిల్లలనో వికలాంగులనో వెక్కిరించేవి విడిగా పెట్టి, జాబితా రాసి, పై అధికారి అనుమతితో రిజిస్టరులో తొలగింపు నమోదు చేయాలి. రెండేళ్లుగా ఎవరూ తీయని మంచి పుస్తకాన్ని వెంటనే తీసేయకుండా, ముందు వరుసలో అట్ట కనిపించేలా మూడు నెలలు ఉంచి, ఒక శనివారం పిల్లలకు మీరే చదివి వినిపించండి. నా అనుభవంలో అలాంటివి చాలావరకు మళ్లీ కదిలాయి. చదివి చదివి చిరిగిపోయిన పుస్తకాల సంగతి వేరు: వాటి పేర్లను తర్వాతి కొనుగోలు జాబితాలో మొట్టమొదట రాసి, కొత్త ప్రతి అరలోకి వచ్చాకే పాతదాన్ని తీయండి.