ఇంటి ముందు పొద – నాలుగో పాఠం: విల్లో చూసి వావిలిని కత్తిరించడం

పోయిన వానాకాలం మూడో పాఠంలో తెల్ల అంచు వావిలిని నేలలో పెట్టించాను. ఈపాటికి అది నడుము ఎత్తుకు వచ్చి, అడుగున కట్టెలు తేలి, పైన మాత్రమే గుబురుగా కనిపిస్తూ ఉంటుంది. దిగులు పడకండి. మృగశిర కార్తె వచ్చింది, ఒక మంచి వాన పడింది. ఇప్పుడు కత్తెర పట్టాలి.

కొత్తగా ఈ పాఠాల్లో చేరినవాళ్లు ఫోన్‌లో ఫొటో చూపించి మళ్లీ అదే అడుగుతున్నారు. గులాబీ, తెలుపు, లేత ఆకుపచ్చ కలగలిసిన చిగుళ్లతో పూలగుత్తిలా ఉండే విల్లో పొద, హకురో నిషికి, మన అనంతపురంలో రాదా అని. రెండేళ్ల కిందట నేనూ ఆశపడి ఆన్‌లైన్‌లో తెప్పించాను. డిసెంబరులో పెడితే ఫిబ్రవరికి చిగురు వేసింది, ఇంటిల్లిపాదీ దాని చుట్టూ నిలబడి చూశాం. ఏప్రిల్లో ఆకుల అంచులు మాడాయి. రోజూ రెండు బిందెలు పోసినా రోహిణి కార్తె దాటలేదు. ఆ మొక్క పుట్టిల్లు జపాన్, కొరియా, ఈశాన్య చైనా. తడి నేలల్లో, వాగుల పక్కన పెరిగే జాతి. చలికాలంలో ఆకు రాల్చి, గడ్డకట్టే చలిలో నిద్రపోయి లేచే అలవాటు దానిది. మనకు చలికాలం రాత్రుల్లో కూడా అలాంటి చలి ఉండదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే ఊళ్లో, బోరు నీళ్లతో దాన్ని బతికించాలని చూడటం మొక్కకూ కష్టం, మనకూ కష్టం. అందుకే దాని బదులు తెల్ల అంచు వావిలిని పెట్టుకున్నాం.

కానీ విల్లో దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటి ఉంది. దాని అందమంతా లేత చిగురులోనే. ఆకు ముదిరేకొద్దీ గులాబీ పోతుంది, తెలుపు మాసిపోతుంది. అందుకే దాన్ని పెంచేవాళ్లు చలికాలం చివర, మొగ్గ ఉబ్బకముందే, కొమ్మల్ని బాగా కిందికి కొట్టేస్తారు. కొట్టిన చోటి నుంచి కొత్త చువ్వలు లేస్తాయి, వాటి కొసల్లోనే ఆ రంగు. మన వావిలికీ ఇదే లెక్క. గులాబీ రంగు రాదు గానీ, ఆకు అంచు వెన్నలా తెల్లగా మెరిసేది కొత్త చువ్వల మీదే. పూత వచ్చేదీ ఆ చువ్వల కొసలకే.

వాళ్లు చలి చివర కత్తిరిస్తే, మనం ఎండ చివర కత్తిరించాలి. మొక్క లేచే ముందు కత్తిరించాలన్నదే సూత్రం, నెల కాదు. మనకు మొక్క లేచేది వానతో. రోహిణిలో కొడితే, నీడ పోయిన కట్టె బెరడు ఎండకు పగులుతుంది, వచ్చిన చిగురు వచ్చినట్టే మాడుతుంది. కడప వైపు వాళ్లు ఇంకా ఓపిక పట్టి, ఆరుద్రలో కత్తిరించినా నష్టం లేదు.

ముందుగా ఎండిన కట్టెల్ని, ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మల్ని మొదలంటా తీసేయండి. అప్పుడు రెండడుగులు వెనక్కి వచ్చి చూడండి, పొద ఆకారం తెలుస్తుంది. మిగిలిన కొమ్మల్ని మోకాలి ఎత్తుకు కోయండి. ఒక్కో కొమ్మకు రెండు మూడు కణుపులు మిగిలితే చాలు. కోత బయటికి చూసే కణుపుకు పావు అంగుళం పైన పడాలి. లోపలికి చూసే కణుపు మీద కోస్తే, కొత్త చువ్వ పొద నడుమకే పోయి గాలి ఆడనివ్వదు. కత్తెర పదునుగా ఉండాలి. మొద్దు కత్తెర కొమ్మను నలిపేస్తుంది, నలిగిన చోట కుళ్లు పడుతుంది. మొక్క నీరసంగా ఉంటే అంతా ఒకేసారి కొట్టకండి. ముదురు కట్టెల్లో మూడో వంతు ఈ ఏడు తీయండి, మిగతావి వచ్చే ఏడు.

కోసిన రోజు చూడటానికి మనసొప్పదు. మొదటిసారి నేను ఆ రాత్రి టార్చిలైటు వేసుకుని వెళ్లి చూసొచ్చాను, చంపేశానేమోనని. రెండు మూడు వారాల్లో కణుపు కణుపుకూ చిగురు లేస్తుంది.

ఇక అందరూ వదిలేసే పని. తెల్ల అంచు పొదలో ఒక్కోసారి పూర్తి ఆకుపచ్చ చువ్వ ఒకటి లేస్తుంది. బలంగా ఉంది కదా అని మురిసిపోయి ఉంచకండి. ఆకులో తెల్లగా ఉన్న భాగం ఆహారం తయారు చేయలేదు, పచ్చగా ఉన్నదే చేస్తుంది. కాబట్టి పూర్తి పచ్చ చువ్వ మిగతావాటిని మించి పెరిగి, నాలుగైదు వానాకాలాలు తిరిగేసరికి పొదనంతా ఉత్త పచ్చ పొదగా మార్చేస్తుంది. అది ఎక్కడ పుట్టిందో అక్కడికి వేళ్లతో తడుముతూ వెళ్లి, మొదలంటా కోయండి. సగంలో కోస్తే మళ్లీ పచ్చదే వస్తుంది. విల్లో పెంచేవాళ్లకూ ఈ బాధ ఉంది, వాళ్లూ ఇదే చేస్తారు.

కోసిన కొమ్మల్ని పారేయకండి. పెన్సిల్ లావు ఉండి, బెరడు గోధుమ రంగుకు తిరిగినవి ఏరుకోండి. ఒక్కోటి జానెడు, నాలుగు కణుపులు ఉండేలా ముక్కలు చేయండి. అడుగు కోత కణుపు కింద ఏటవాలుగా, పై కోత చదునుగా ఉంటే తల ఏదో మొదలు ఏదో తికమక పడరు. కింది ఆకులు తుంచి, పైన రెండు ఆకులు ఉంచి, వాటినీ సగానికి కత్తిరించండి. సగం ఎర్రమట్టి, సగం ఇసుక కలిపిన కవర్లలో రెండు కణుపులు మునిగేలా గుచ్చి, వేపచెట్టు నీడలో పెట్టండి. విల్లో కొమ్మ అయితే గ్లాసు నీళ్లలో పెట్టినా వేరు పోస్తుంది, దాని కట్టెలోనే వేరు మొగ్గలు ముందే దాగి ఉంటాయి. వావిలికి మట్టే మేలు.

ఇక్కడ చాలామంది మోసపోతారు. పది రోజులకు చిగురు కనిపించగానే వేరు వచ్చిందనుకుని పీకి నాటేస్తారు. ఆ చిగురు కొమ్మలో దాచుకున్న ఆహారంతో వచ్చింది. కింద వేరు లేకపోతే మూడో వారంలో వాడిపోతుంది. నెలన్నర ఆగండి. కవరు అడుగు రంధ్రాల్లో తెల్లటి వేరు కనిపిస్తేనే కదిలించండి.

కత్తిరించిన పొదకు పాదు తవ్వి, రెండు దోసిళ్ల మాగిన ఎరువు వేసి, పైన వేరుశనగ పొట్టు పరచండి. మన జిల్లాలో పొట్టుకేం కొదవ? పొట్టు మాత్రం కాండానికి నాలుగు వేళ్ల దూరంలో ఉండాలి, లేకపోతే చెదలు ఎక్కుతాయి. కర్నూలు వైపు నల్లరేగడిలో పాదు కన్నా అర అడుగు దిబ్బ నయం, నీరు నిలవకూడదు. పడమటి ఎండ తగిలే చోట తెల్ల అంచు మాడుతుంది, ఓ గోనెపట్టా అడ్డం కట్టండి.

మా అవ్వ బాలింతలకు వావిలాకు వేసి నీళ్లు కాచేది, ఒళ్లునొప్పులు పోతాయని. అది చేను గెనిమ మీది మామూలు వావిలి, ఇది దాని దాయాది. అటు విల్లో బెరడునూ నొప్పులకు వాడేవారు. అందులోని సాలిసిన్ అనే పదార్థాన్ని 1828లో జర్మనీలో వేరు చేశారు, ఆస్పిరిన్ కథ అక్కడి నుంచే మొదలైంది. రెండు వేర్వేరు కుటుంబాల మొక్కలు, వేర్వేరు దేశాల అవ్వలు ఒకే అవసరానికి వాడుకున్నారు. వావిలిని మేకలు కూడా పెద్దగా ముట్టవు, కంచె లేని వాకిళ్లకు అది పెద్ద వరం.

వచ్చే పాఠం మఖ కార్తెలో. అప్పటికి కవర్లలో కనీసం పది కొమ్మలు పెట్టి ఉంచండి. వాటితో గేటు పక్కన వరస నాటుదాం.